ఏడో నంబరు మిషను

ఫిబ్రవరి 6

వదినకు,

ముందు నువ్వు కూర్చో. నేను మాత్రం నిలబడే రాస్తున్నాను. కూర్చుంటే కాళ్ళు ఊరుకోవడం లేదు.

నీ టెలిగ్రాం నిన్న పది గంటలకి ఫ్యాక్టరీ గేటుకొచ్చింది. "ఆయన ఇంటికి చేరారు." మూడే మాటలు! ఇంకో రెండు వేస్తే నీ నోరు అరిగిపోయేదా? ఆ కాగితం పట్టుకుని మిషన్ల మధ్య పరుగెత్తాను. ఎవరికో చెయ్యి నలిగిందనుకుని ఫోర్‌మన్ వరుస మొత్తానికీ కరెంటు ఆపేశాడు. "మా అన్నయ్య వచ్చాడు! యుద్ధం నుంచి ప్రాణాలతో వచ్చాడు!" అని అరిచాను. నలభై మంది ఆడవాళ్ళు చేతులైనా తుడుచుకోకుండా వచ్చి నన్ను వాటేసుకున్నారు. ఫోర్‌మన్ తిట్టబోయి, కళ్ళు తుడుచుకుని, "అయిదు నిమిషాలు, అంతే" అన్నాడు. మేం పదిహేను తీసుకున్నాం.

అన్నయ్య బాగున్నాడా? చిక్కాడా? పాప గుర్తుపట్టిందా? అన్నయ్య వెళ్ళేటప్పటికి అది ఏడాది పిల్ల, దానికేం గుర్తుంటుంది పాపం! అన్నయ్య రైలెక్కిన తొమ్మిదో రోజునే నన్ను తన ఏడో నంబరు లేతు మిషను ముందు నిలబెట్టారని చెప్పావా? నేను రాసిన ఉత్తరాలు ఆ యుద్ధంలో అందాయో లేదో. ఇనుప కడ్డీ గిరగిరా తిరుగుతుంటే టూలుతో చెక్కి కొలతకి తేవడం అంటే మాటలా? మొదటి వారం రోజూ ఏడ్చాను. ఇప్పుడు ఆ మిషను తుమ్మినా నాకు తెలుస్తుంది.

ఇంకో సంబరం విను. నాలుగేళ్ళూ ఫిరంగి గుండ్లకి మూతలు చేశాను, అరచేతిలో ఇమిడే మూతలు, రోజుకి రెండు వందలు. ఇప్పుడవి ఆపేశారు. నీళ్ళ పంపులు చేస్తారట! పంపులో తిరిగే షాఫ్టు, నా చెయ్యంత పొడుగుది, మొట్టమొదట నా మిషను మీదే మొదలుపెట్టారు. ఎవరి మీద పడుతుందో తెలియని వస్తువు చేసిన చేతులతో ఎవరికో నీళ్ళు తోడే వస్తువు చేస్తున్నాను. పడుకుంటే నవ్వొస్తోంది.

ఒక్కటే చిక్కు. షాఫ్టు ఒక చివర వెంట్రుకవాసి లావు వస్తోంది. ఎందుకో అన్నయ్యని అడుగు. ఆ మిషను గుణం తనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? జవాబు స్వయంగా రాయమను. తన అక్షరాలు చూసి ఏడాది దాటింది.

కాలు నిలవని నీ మరదలు


ఫిబ్రవరి 15

మరదలు పిల్లకు,

కూర్చోమన్నావు గానీ నాకు కూర్చునే తీరిక ఎక్కడిది తల్లీ! మీ అన్నయ్యని చూడటానికి వచ్చేపోయే జనంతో మా గుమ్మం అరిగిపోతోంది. అందరూ అడిగేది ఒకటే. "మళ్ళీ ఫ్యాక్టరీ పనిలోకి ఎప్పుడు?" నేను తాగడానికేదో ఇచ్చి, నవ్వి పంపించేస్తున్నాను.

నీ ఉత్తరం పైకి చదివి వినిపించాను. ఫోర్‌మన్ కళ్ళు తుడుచుకున్న దగ్గర మీ అన్నయ్య నవ్వారు. ఇంటికొచ్చాక అదే మొదటి నవ్వు. ఆ ముక్క మూడుసార్లు చదివించుకున్నారు. మనిషి చిక్కారు, నిజమే. పాప రెండు రోజులు తలుపు చాటునుంచి చూసింది. ఇప్పుడు ఆయన చెయ్యి వదలడం లేదు. రోజూ సాయంత్రం ఆ చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా తీసుకెళ్ళి తీసుకొస్తుంది.

ఆయన నోట ఎప్పుడూ ఆ ఏడో నంబరు మాటే. వేళకి నూనె పెడుతున్నారా, బెల్టు మార్చారా, పక్కనున్న కిటికీ అద్దం ఇంకా పగిలే ఉందా! పెళ్ళాం ఎలా ఉన్నావని ఒక్కనాడు అడిగితే ఒట్టు. ఇంత పెద్ద సవతి ఉందని పెళ్ళిచూపుల నాడే మీరు చెప్పి ఉండాల్సింది.

ఉత్తరం రాయమంటే "రేపు" అంటున్నారు. తుపాకి మోసిన చేతికి కలం మరీ తేలికైందేమో. షాఫ్టు సంగతి తర్వాత అడిగి రాస్తాను. నువ్వు ముందు ఆ గోళ్ళ కింద నలుపు వదిలించుకో. అది పోయేదాకా నీకు సంబంధాలు చూడకూడదని పట్టుపట్టి కూర్చున్నాను.

మీ వదిన


ఫిబ్రవరి 24

వదినా,

అయితే నా పంట పండుతుంది, లేకపోతే నా కొంప మునుగుతుంది. ఏదో నువ్వే చెప్పాలి.

సోమవారం గేటు దగ్గర నోటీసు అంటించారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన మగవాళ్ళు మార్చి పదిహేను లోపల వచ్చి సంతకం పెడితే ఎవరి మిషను వాళ్ళకి ఇచ్చేస్తారట. అప్పటిదాకా ఆ మిషను నడిపిన ఆడమనిషి ఆ రోజే ఇంటికి వెళ్ళిపోవాలి. ఎవరూ వచ్చి అడగని మిషన్ల మీద ఉన్న ఆడవాళ్ళకి ఇరవయ్యో తారీఖున పరీక్ష. అందులో నెగ్గిన పన్నెండు మంది ఎప్పటికీ ఉండిపోవచ్చు. మిగిలినవాళ్ళకి నెలాఖరుతో సెలవు.

మేం నూట నలభై మందిమి వదినా! గుండ్ల మూతలు కావాల్సినప్పుడు మమ్మల్ని "దేశానికి వెన్నెముకలు" అన్నారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. అయినా పన్నెండు చోట్లున్నాయి కదా! రాత్రంతా నా బుర్రలో పన్నెండు, పన్నెండు అని గంట కొడుతూనే ఉంది. నేను నెగ్గగలను. గొప్పలకి చెప్పడం లేదు. నా పనిలో తిరగ్గొట్టినవి వందకి ఒకటి కూడా ఉండవు.

ఎనిమిదో నంబరు మిషను మీద ఒక పొడుగావిడ పనిచేస్తుంది. వాళ్ళాయన మిషనే అది. ఆయన తిరిగి రాలేదు. నోటీసు చదివి ఆవిడ నాతో, "నాకు పరీక్ష ఖాయం. నా మిషను అడగడానికి ఎవరూ రారుగా" అంది. ఆవిడ నూనెడబ్బా నేను నింపిపెట్టాను.

అందుకే సూటిగా అడుగుతున్నాను. అన్నయ్య మిషను కోసం వస్తున్నాడా, లేదా? వస్తానంటే శుభ్రంగా తుడిచి అప్పగిస్తాను, పళ్ళు నూరుకుంటానేమో గానీ ఏడవను. రానంటే పరీక్షకి కూర్చుంటాను. నాకు ఈ పని కావాలి వదినా. ఈ మాట ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. పరీక్షలో ఇచ్చేది కూడా ఆ పొడుగు షాఫ్టే. చివర లావు ఇంకా పోలేదు. అన్నయ్యని అడిగావా? ఒక్క గీతైనా స్వయంగా గీసి పంపమను. కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తున్నాను.

నీ మరదలు


మార్చి 3

మరదలు పిల్లకు,

ఎందుకే అంత తొందర? ఎవరో తరుముతున్నట్టు రాశావు.

వస్తారులే, ఎందుకు రారు? మగవాడికి పని లేకపోతే తోస్తుందా? నిన్న పెట్టె అడుగునుంచి తన కొలత పరికరాలన్నీ తీయించుకుని, ఒళ్ళో పెట్టుకుని, సాయంత్రం దాకా గుడ్డతో తుడుస్తూ కూర్చున్నారు. "నా మిషను" అంటారు, "నా కిటికీ" అంటారు. అది వింటే నాకెంత ధైర్యంగా ఉంటుందో నీకు తెలియదు. ఇంకో వారం ఓపిక పట్టు, పదో తారీఖు దాటాక అన్నీ వివరంగా రాస్తాను. మిషను ఎక్కడికీ పారిపోదు కదా.

ఉత్తరం గురించి మళ్ళీ చెప్పాను. రాస్తానన్నారు. పాపకి జ్వరం, ఒళ్ళంతా పొక్కులు, దాని గొడవలో నాకేమీ తోచడం లేదు. షాఫ్టు మాట ఎత్తడానికి కుదరలేదు.

ఒకవేళ నువ్వే ఇంటికి రావలసి వచ్చిందనుకో, నీకు ఇక్కడ చోటు లేదా? రెండు గదులున్నాయి. నువ్వుంటే నాకూ తోడు. నాలుగేళ్ళు ఇనుముతో కాపురం చేశావు, చాల్లే.

మీ వదిన


మార్చి 8

వదినకు,

అర్థమైంది. చెప్పకుండానే చక్కగా చెప్పావు.

అన్నయ్య నాకు రెండు ముక్కలు ఎందుకు రాయడం లేదో ఇన్నాళ్ళకి బుర్రకెక్కింది. తన మిషను మీద చెల్లెలు నిలబడటం తనకి కిట్టలేదు. షాఫ్టు ఎందుకు లావొస్తోందని రెండు ఉత్తరాల్లో రెండుసార్లు ఆ సంగతి ఎత్తాను, ఇది మూడోసారి. తెలిసి కూడా చెప్పలేదు. ఎందుకు చెప్తాడు? నేను నెగ్గితే తన మిషను తనకి రాదు! నోరు తెరిచి "అది నాది, దిగు" అంటే సరిపోయేదానికి ఇంత ఉలుకూ పలుకూ లేకుండా కూర్చోవాలా? పైగా పనిముట్లు తుడుచుకుంటున్నాడట.

ఈ ఉదయం ఆఫీసు గదికి వెళ్ళి కాగితం రాసిచ్చాను. మిషను మా అన్నయ్యకి అప్పగిస్తున్నాను, పరీక్షకి కూర్చోను అని. గుమాస్తా రెండుసార్లు చదివి, "తొందరపడకమ్మా" అన్నాడు. తొందరలోనే పుట్టాను నేను. సంతకం పెట్టేశాను. పరీక్ష జాబితాలో నా పేరు మీద గీత కొట్టాడు. పదిహేనో తారీఖు దాకా మిషను మీద ఉంటాను, ఆ తర్వాత గది ఖాళీ చేస్తాను.

పొడుగావిడ నాతో మాట్లాడటం మానేసింది. "దొరికినదాన్ని వదిలేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట" అని పక్కదానితో అంటుంటే విన్నాను.

అన్నయ్యకి చెప్పు. మిషను శుభ్రంగా ఉంది. కిటికీ అద్దం కూడా మార్పించాను.

చెల్లెలు


మార్చి 11

నా తల్లీ,

తిట్టు. ఎంత తిట్టినా పడతాను. కానీ ఇది చివరిదాకా చదివి అప్పుడు తిట్టు.

మీ అన్నయ్యకి చూపు లేదు. యుద్ధం అయిపోవడానికి పది రోజుల ముందు దగ్గర్లోనే గుండు పేలిందట. ఒక కన్ను పోయింది. రెండోది వెలుగూ చీకటీ తప్ప మరేమీ చూడదు. మార్చి పదో తారీఖున మళ్ళీ చూస్తాం, రావచ్చు అన్నారు డాక్టర్లు. ఆ ఆశ మీదే బతికాం. అప్పటిదాకా నీకు చెప్పనని పాప మీద ఒట్టు వేయించుకున్నారు. "అది అక్కడ ఒంటరిగా ఉంది, ఏడుస్తూ చెయ్యి మిషన్లో పెట్టుకుంటుంది" అన్నారు. ఉత్తరం రాయకపోవడం అందుకే. రాయలేక!

ఇక నేను చేసిన నిర్వాకం. నోటీసు గురించి నువ్వు రాసిన పేజీ ఆయనకి చదవనేలేదు. చదివితే తారీఖు లెక్కపెట్టుకుంటూ కుమిలిపోతారని దాటేశాను. షాఫ్టు సంగతీ దాటేశాను, ఆ మాట వింటే వెంటనే వెళ్తానంటారని. నీ ఉత్తరంలో సగం ఆయనకి అందలేదు, ఆయన మాటల్లో సగం నీకు అందలేదు. మధ్యలో నిలబడి ఇద్దరినీ కాపాడుతున్నాననుకున్నాను. నువ్వు తన చోటు కాపాడి పెడుతున్నావని ఆయన అనుకున్నారు. ఆయన నిన్ను దిగిపొమ్మంటున్నారని నువ్వు అనుకున్నావు.

నిన్న డాక్టరు ఇక రాదని చెప్పేశాడు. ఇంటికొచ్చేసరికి గుమ్మంలో నీ ఉత్తరం పడి ఉంది. "చదువు" అన్నారు. మొదటి వాక్యం దగ్గరే ఆపేశాను. "మొత్తం చదువు. పాతవి కూడా తీయి" అన్నారు. తీశాను. దాచినవన్నీ చదివాను. నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. "అంటే నేను గుడ్డివాణ్ణని తెలియక నాకోసం అది తన చేతులు తెగ్గోసుకుందన్నమాట" అన్నారు. కాసేపటికి లేచి నిలబడి, "రైలు ఎన్నింటికి?" అన్నారు.

పాప జ్వరం వల్ల నేను కదల్లేను. ఒక్కరే వస్తున్నారు! ఆయన పటాలంలో పనిచేసినాయనే ఆ రైల్లో గార్డు. పద్నాలుగో తారీఖు పొద్దున్న ఆరింటికి దిగుతారు. స్టేషన్‌కి వెళ్ళు. నువ్వే ముందు పలకరించు.

మీ వదిన


మార్చి 22

వదినా, వదినా, వదినా!

అన్నయ్య ఈపాటికి ఇల్లు చేరి తన వైపు కథ చెప్పేసి ఉంటాడు. ఇది నా వైపు. కానీ తనకి తెలియనిది ఒకటుంది, అది చివర రాస్తాను. ముందు చివరికి వెళ్ళావంటే నా మీద ఒట్టు!

నోట్లో నువ్వుగింజ నానని దానివి, నెలరోజులు ఇంత సంగతి ఎలా దాచావే? నీ ఉత్తరం చదివాక నిన్ను తిట్టడానికి మాటలు ఏరుకున్నాను. తర్వాత నేను రాసిన ఎనిమిదో తారీఖు ఉత్తరం గుర్తొచ్చి, ఏరుకున్నవన్నీ నాకే వాడుకున్నాను.

స్టేషన్లో గార్డు భుజం పట్టుకుని దిగాడు. నేను రాత్రంతా బట్టీపట్టిన క్షమాపణలు ఏమైపోయాయో తెలియదు. అన్నయ్య అటువైపు తిరిగి, "చెల్లాయ్, వచ్చావా?" అన్నాడు. "ఇటున్నాను" అన్నాను.  నా చెయ్యి తడిమి, వేళ్ళన్నీ ఒక్కొక్కటీ పట్టుకుని చూసి, "అమ్మయ్య, పదీ ఉన్నాయి" అన్నాడు. ప్లాట్‌ఫారం మీద ఇద్దరం ఎంత ఏడ్చామో, ఎంత నవ్వామో, జనం చుట్టూ తిరిగి వెళ్ళారు.

అక్కణ్ణుంచి తిన్నగా ఫ్యాక్టరీకి. షెడ్డులో తన పాత స్నేహితులు "వచ్చాడ్రోయ్!" అంటూ పరుగెత్తుకొచ్చి, దగ్గరికొచ్చాక ఆగిపోయారు. ఆ ఆగిపోవడం అన్నయ్యకి వినిపించింది. నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, అంతే, ఆగలేదు. ఆఫీసు గదిలో ఫోర్‌మన్ కుర్చీ వేశాడు. తలుపు మూసి వచ్చాడు. తర్వాత, "నువ్వు సంతకం పెట్టెయ్. మిషను నీ పేరు మీదే ఉంటుంది, నీ బదులు చెల్లెలు నడుపుతుంది. పరీక్షా వద్దు, ఏమీ వద్దు. పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను" అన్నాడు.

వదినా, నా గుండె గంతులేసింది. పరీక్ష లేకుండా మిషను నాది! కలం కూడా నేనే అందించాను. అన్నయ్య కలం తీసుకోలేదు.

"నా పేరు కొట్టెయ్యండి. జాబితాలో దాని పేరు మళ్ళీ ఎక్కించండి. అది పరీక్షకి కూర్చుంటుంది" అన్నాడు.

బయటికొచ్చాక నేను విరుచుకుపడ్డాను. "అత్త సొమ్ము అల్లుడు దానమా? పోయేది నా ఉద్యోగం! పన్నెండు చోట్లకి ఎంతమంది ఉన్నారో తెలుసా? షాఫ్టు ఇంకా లావొస్తోంది, తెలుసా?" అని.

"తెలుసు" అన్నాడు. "నా పేరు మీద నిలబడితే ఈ ఫోర్‌మన్ ఉన్నన్నాళ్ళూ నిలబడతావు. రేపు ఇంకొకడొచ్చి, ఈ పేరుగల మనిషి ఏడీ అంటాడు. అప్పుడు నీకు పరీక్ష కూడా ఉండదు."

నిజమే అనిపించింది. కోపం మాత్రం పోలేదు.

మర్నాటి నుంచి ఫోర్‌మన్ ఒప్పుకుని నా మిషను పక్కనే అన్నయ్యకి స్టూలు వేయించాడు. రాత్రి పాత స్నేహితుడి గదిలో పడుకోవడం, పొద్దున్నే నాతో రావడం. అన్నయ్య చెప్పినట్టు చేశాను. "కడ్డీ రెండో కొసని పట్టుకునే భాగం ఒక వెంట్రుకంత పక్కకి జరుపు" అన్నాడు. జరిపాను. ఇవతలి చివర లావు తగ్గింది, నడుము సన్నబడింది! మళ్ళీ జరపమన్నాడు. ఇంకోటి పాడైంది. మూడు రోజుల్లో నాలుగు షాఫ్టులు చెత్తబుట్టలోకి. పద్దెనిమిదో తారీఖున నాకు ఓపిక నశించింది.

"ఇది కాదు అన్నయ్యా!"

"ఈ మిషను మీద ఆరేళ్ళు పనిచేశాను నేను!"

"నేను నాలుగేళ్ళు చేశాను. నిన్నటిదాకా చేశాను!"

వరుస వరుసంతా మావైపే చూస్తోంది. అన్నయ్య స్టూలు తన్నేసి లేచాడు. మిషను ఆపమన్నాడు. టూలు పట్టుకున్న బండి ముందుకీ వెనక్కీ జరిగే ఇనుప పట్టాలుంటాయి కదా, వాటి మీద గోరు ఆనించి మెల్లగా ఆ చివరినుంచి ఈ చివరికి తెచ్చాడు. కడ్డీని బిగించే చోటుకి జానెడు దూరంలో గోరు ఆగింది. మళ్ళీ వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చాడు. అక్కడే ఆగింది.

"ఈ పల్లం ఎప్పుడు పడింది?" అన్నాడు.

నాకు ఒక్కసారిగా వెలిగింది. గుండ్ల మూతలు అరచేతంతే! నాలుగేళ్ళు, రోజుకి రెండు వందల సార్లు, బండి ఆ జానెడు మేరలోనే తిరిగింది. అక్కడే అరిగింది. ఆ పల్లంలోకి దిగగానే టూలు కడ్డీకి దూరమవుతోంది, అందుకే అక్కడ మాత్రమే లావు. ఆ చివర ఎంత జరిపినా లాభమేముంది?

"నేనే అరగదీశాను అన్నయ్యా" అన్నాను.

ఎంతసేపు నిలబడ్డాడో. చెయ్యి ఆ పల్లం మీదే ఉంది. తర్వాత స్టూలు వెతుక్కుని, దాన్ని నాలుగడుగులు వెనక్కి లాక్కుని కూర్చున్నాడు. "ఇది నాకు తెలిసిన మిషను కాదు. నీకెలా తోస్తే అలా చెయ్యి" అన్నాడు.

నాకు తోచింది ఎప్పటినుంచో ఉంది వదినా! తప్పేమోనని చెయ్యలేదు. బండి ఆ జానెడులోకి దిగుతుంటే, టూలుని కడ్డీ వైపు నెట్టే అడ్డచక్రాన్ని వేలితో కొద్దికొద్దిగా, పాలు పొంగకుండా మంట తిప్పినట్టు, లోపలికి తిప్పుకుంటూ రావాలి. ఎంత తిప్పాలో ఏ పుస్తకంలోనూ ఉండదు. చేతికి తెలియాలి. రెండు రోజులు అదే చేశాను. మొదటి రోజు ఆరింట్లో రెండు బాగా వచ్చాయి, రెండో రోజు ఆరింట్లో అయిదు.

ఇరవయ్యో తారీఖు పరీక్ష. బయటి ఊరినుంచి వచ్చిన తనిఖీ ఆయన నా చెయ్యి చూసి, "బండి దానంతటది నడుస్తుంటే ఆ చక్రం మీద నీ వేలెందుకు?" అన్నాడు. వేలు తియ్యలేదు. "మిషను అక్కడ అరిగిందండీ, నేను నింపుతున్నాను" అన్నాను. ఆయన షాఫ్టు తీసి మూడు చోట్ల కొలిచాడు. మళ్ళీ మొదటి చోట కొలిచాడు. కాగితం మీద ఏదో రాసి వెళ్ళిపోయాడు. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. ఆ సాయంత్రం గార్డు స్నేహితుడి రైలుందని అన్నయ్య ఫలితం తెలియకుండానే వెళ్ళాల్సి వచ్చింది.

ఈ పొద్దున్న జాబితా పెట్టారు. వదినా, నాలుగో పేరు నాది! నా పేరు, నా ఇంటిపేరు, ఏడో నంబరు. పొడుగావిడది తొమ్మిదో పేరు. పద్నాలుగు రోజులుగా మాట్లాడనిది నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది. ఫోర్‌మన్ కరెంటు ఆపలేదు గానీ అటు తిరిగి నిలబడ్డాడు. నాతో గదిలో ఉండేవాళ్ళలో ఇద్దరి పేర్లు లేవు. వాళ్ళు సామాను సర్దుకుంటుంటే నా సంబరం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇక్కడ మెట్ల మీద కూర్చుని నీకు రాస్తున్నాను. సంతోషమూ ఉంది, సిగ్గూ ఉంది. సంతోషమే ఎక్కువ ఉంది, అబద్ధమెందుకు?

ఇది అన్నయ్యకి మొత్తం చదువు. ఒక్క పేజీ దాటేశావో, రైలెక్కి వస్తాను.

నాలుగో పేరు గల నీ మరదలు


మార్చి 31

చెల్లాయికి,

నేను చెప్తున్నాను, మీ వదిన రాస్తోంది. ఒక్క ముక్క మార్చినా ఊరుకోనని చెప్పాను. (మార్చడం లేదు - వదిన.)

నీ ఉత్తరం మొత్తం విన్నాను, రెండుసార్లు. నన్ను తిట్టిన చోట్ల మీ వదిన కొంచెం గట్టిగానే చదివింది. (అవును.)

ఒక సంగతి నీకు అక్కడ చెప్పలేదు. ఆ పల్లం గోటికి తగిలినప్పుడు నేను మాట్లాడకుండా నిలబడ్డానే, అది లెక్క వేసుకోవడానికి కాదు. యుద్ధంలో ఉన్నన్నాళ్ళూ ఆ మిషను నేను వదిలినట్టే ఉంటుందనుకున్నాను. చూపు పోయాక మరీ అనుకున్నాను. కళ్ళు లేకపోయినా ఆ ఒక్కదాని ముందు నిలబెడితే నా చేతులకి అన్నీ తెలుస్తాయనుకున్నాను. తెలియలేదు. నా తర్వాత నాలుగేళ్ళు ఒక మనిషి దాని మీద బతికింది, ఆ ఇనుములో అంత లోతు పడింది. నాకు చాలా కష్టంగా అనిపించింది చెల్లాయ్. నీ మీద అసూయ కూడా కలిగింది. నాలుగడుగులు వెనక్కి జరిగింది అందుకే. నువ్వు చక్రం తిప్పుతుంటే వచ్చే చప్పుడు అక్కడ కూర్చుని విన్నాను. నేనెప్పుడూ అంత మెత్తగా తిప్పలేదు.

ఇక్కడ నేనేం చేస్తానని నువ్వు అడగలేదు, అడగడానికి భయపడి ఉంటావు. నాకూ తెలియదు. ఏదో ఒకటి చేస్తాను. పాపకి జ్వరం తగ్గింది.

నిన్న సాయంత్రం దానితో వీధి చివరికి వెళ్తుంటే ఎదురింటాయన మళ్ళీ అదే అడిగాడు. "ఏమయ్యా, మీ ఫ్యాక్టరీ పనిలోకి ఎప్పుడు?" అని. ఇన్నాళ్ళూ "వెళ్తాను, వెళ్తాను" అంటూ వచ్చాను కదా. నిన్న ఆగాను. "ఆ పని ఇప్పుడు మా చెల్లెలిదండీ. పరీక్షలో నాలుగోదిగా నెగ్గింది" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆయన ఏమన్నాడో వినలేదు.

ఇంతే. ఆరోగ్యం జాగ్రత్త.

మీ అన్నయ్య

ఇకనుంచి నా మాటలు. చెప్పడం అయిపోయిందని కుర్చీలో వెనక్కి వాలి, మొహం గోడవైపు తిప్పుకుని ఏడుస్తున్నారు. ఇంటికొచ్చాక నా ముందు ఆయన ఏడవడం ఇదే మొదటిసారి. పాప వెళ్ళి ఒళ్ళో కూర్చుంది. కలం చప్పుడు వినిపించి, "అది రాయకు" అంటున్నారు. రాశాను. "కొట్టెయ్" అంటున్నారు.

కొట్టను.

మీ వదిన